మన పేజీ గూగుల్‌లో ఎందుకు కనపడదు? ముందు తెగులేంటో చూడండి, తర్వాతే మందు

నాది కోనసీమలో ఐ.పోలవరం. ఈసారి పంట గురించి కాదు, పంట గురించి మనం రాసింది పదిమందికీ ఎందుకు అందట్లేదో చెప్తాను. వీడియోలో ఫోన్ మీద చేసి చూపించాను. వరుసగా రాసుకోవాలనుకునే వాళ్ళకోసం ఇక్కడ పెడుతున్నాను.

కొబ్బరికి వచ్చే సర్పిలాకార తెల్లదోమ మీద నేనొక పేజీ రాశాను. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి, ఇవీ గుర్తులు. రసాయన మందు కొడితే దోమని అదుపులో ఉంచే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు కూడా చచ్చిపోతుందనీ, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు చెప్పే ఇసారియా శిలీంధ్రం వాడుకోవచ్చనీ రాశాను. కొన్నాళ్ళకి పక్క తోట అబ్బాయి కలిశాడు. "ఫోన్‌లో వెతికాను బాబాయ్, నీది రాలేదు. ఎవరో అమ్మే మందు వచ్చింది. కొట్టించేశాను" అన్నాడు. నేను రాసింది అవసరమైన రోజున అవసరమైన మనిషికి అందలేదు. ఆ రాత్రే కూర్చుని కారణం వెతికాను.

ఆకు పచ్చబడితే అది నత్రజని లోపమో, వేరుకుళ్ళో చూడకుండా ఏదీ పొయ్యం కదండి. ఇదీ అంతే. పేజీ కనపడకపోవడం ఒక జబ్బు కాదు, మూడు రకాలు.

ముందు పరీక్ష. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ పేజీ అడ్రస్ రాయండి. పేజీ వస్తే గూగుల్ దగ్గర ఉన్నట్టే. రాకపోయినా లేదని తేల్చెయ్యకండి. ఖాయంగా తెలియాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరవాలి. ఇది ఉచితం. సైట్ మీదేనని ఒకసారి రుజువు చేసుకున్నాక, 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్'లో పేజీ అడ్రస్ పెడితే కారణం అదే చెబుతుంది.

మొదటి రకం: మనమే తలుపు వేసుకోవడం. 'నోఇండెక్స్' అని వస్తే, ఈ పేజీని చూపించొద్దని మన సైటే చెబుతోందని అర్థం. నాది వర్డ్‌ప్రెస్. 'సెట్టింగ్స్'లో 'రీడింగ్' తెరిస్తే, సెర్చ్ ఇంజిన్లని రావద్దని చెప్పే గడిలో టిక్కు ఉంది. సైట్ కట్టేటప్పుడు పెట్టి, తియ్యడం మర్చిపోయారు. తీసేశాను. 'రోబోట్స్' ఫైల్‌లో అడ్డు ఉందేమో కూడా చూడండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: రోబోట్స్ అడ్డు ఉంటే గూగుల్ లోపలికి రాదు కాబట్టి లోపలి నోఇండెక్స్ మాట దానికి కనపడదు. గేటుకి తాళం వేసి ఇంట్లో బోర్డు పెట్టినట్టు.

రెండో రకం: అడ్రస్ తెలిసినా ఇంకా రాకపోవడం. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని వస్తుంది. చేనుకి దారి లేకపోతే బండి ఎలా వస్తుంది? మీ పాత పేజీల నుంచి కొత్త పేజీకి లింకులు ఇవ్వండి, సైట్‌మ్యాప్ పంపండి.

మూడో రకం: వచ్చి చూసి, పెట్టుకోకుండా వెళ్ళిపోవడం. 'క్రాల్‌డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటుంది. టిక్కు తీశాక నాకు వచ్చింది ఇదే. పేజీలో రెండు లైన్లు, ఒక వీడియో, అసలు వివరమంతా ఫొటోలో! అదంతా అక్షరాల్లో టైపు చేశాను. ఇంకోటి, 2023 డిసెంబరు నుంచి గూగుల్ వీడియోల విభాగంలో, వీడియోనే ముఖ్యంగా ఉన్న పేజీలే కనిపిస్తాయి. వ్యాసం కింద ఎక్కడో అతికించిన వీడియోకి అక్కడ చోటు ఆశించకండి.

ఇవన్నీ సరిచేశాక 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' ఒక్కసారి నొక్కండి. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు. పదిసార్లు నొక్కితే తొందరగా రాదు. డబ్బిస్తే ఎక్కిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. పేజీలు చేర్చుకోవడానికి గూగుల్ ఎవరి దగ్గరా పైసా తీసుకోదు.

నా పేజీ చేరింది. అయినా "పోలవరం కొబ్బరి" అని వెతికితే వచ్చిందంతా పోలవరం ప్రాజెక్టే! చేరడం వేరు, అడిగినప్పుడు దొరకడం వేరు. అందుకే పేజీ పేరులోనే "ఐ.పోలవరం, కోనసీమ" అని పెట్టాను. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా ఏర్పడింది కదా, పాత పేజీల్లో ఉన్న తూర్పు గోదావరి పక్కన కోనసీమ కూడా చేర్చాను. "సర్పిలాకార తెల్లదోమ" అని రైతు కొట్టడు, "కొబ్బరి ఆకులు నల్లగా అయిపోతున్నాయి" అని కొడతాడు. ఆ మాటే శీర్షికలో పెట్టాను. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళూ చాలామంది, అలా కూడా ఒకచోట రాశాను.

మొదటి వరసలోనే వస్తుందని మాట ఇవ్వలేను అండి. కానీ మొన్న ఆ అబ్బాయి ఫోన్‌లోనే, వాడి మాటల్లోనే వెతికించాను. నా పేజీ వచ్చింది. చదివి, "మందు కొట్టకముందు ఇది కనపడి ఉంటే బాగుండేది బాబాయ్" అన్నాడు.

మీరు రాసిన పేజీల్లో ఒకటి తీసుకుని ఈరోజే పరీక్ష చేసి చూడండి.