మా భూమి సినిమాలో గద్దర్ పాత్ర

మా భూమి సినిమాలో గద్దర్ పాత్ర నిడివిలో అతి చిన్నది. ఒక్క పాటకు మాత్రమే పరిమితమైన ఈ పాత్ర, తెలంగాణ జానపద గేయాన్ని వెండితెరకు చేర్చిన ఘట్టాలలో ముఖ్యమైనదిగా నిలిచింది.

నేపథ్యం

మా భూమి 1979లో నిర్మించబడి, 1980 మార్చిలో విడుదలైన తెలుగు చిత్రం. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా నిర్మించబడిన ఈ చిత్రానికి బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించాడు. బి.నరసింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. ప్రసిద్ధ రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడైన సాయిచంద్ కథానాయకుడు రామయ్యగా నటించాడు. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇందులోని ఇతివృత్తం.

చిత్రీకరణ ప్రధానంగా మెదక్ జిల్లాలోని మంగళపర్తి గ్రామంలో జరిగింది. గద్దర్ స్వగ్రామమైన తూప్రాన్ కూడా అదే జిల్లాలోనిది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాదు, మొగుడంపల్లి ప్రాంతాలు కూడా అప్పట్లో మెదక్ జిల్లాలోనివే.

పాత్ర

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. నరసింగరావుతో పరిచయం ఆయనను ప్రజాకళల వైపు మళ్ళించింది. మా భూమి నాటికి ఆయన బ్యాంకు ఉద్యోగి. ఈ చిత్రంలో ఆయన పల్లె గాయకుడిగా కనిపించి, "బండెనక బండి" పాటను పాడాడు. సినిమాలలో సాధారణంగా ఒకరు పాడితే మరొకరు పెదవులు కదుపుతారు. ఇక్కడ గొంతు, అభినయం రెండూ ఒక్కరివే.

పాట రచయిత

ఈ పాటను గద్దరే రచించాడని పలువురు పొరబడుతుంటారు. దీనిని రచించినది సాయుధ పోరాట కాలానికి చెందిన బండి యాదగిరి. నిజాం పాలనను ధిక్కరిస్తూ పల్లెల్లో నోటి మాటగా వ్యాపించిన గేయమిది. సినిమా దానికి విస్తృత ప్రచారం కల్పించింది. అయితే గాయకుని కీర్తి వెనుక కవి పేరు మరుగున పడింది. అందుచేత పాటను ప్రస్తావించినపుడు ఇద్దరినీ స్మరించడం సముచితం.

తరువాతి కాలం

గద్దర్ 1984లో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం ప్రజాగాయకుడయ్యాడు. గోచి, గొంగడి, గజ్జెలు ఆయన ప్రదర్శనలకు గుర్తులుగా మారాయి. 2011లో జై బోలో తెలంగాణ చిత్రంలోని "పొడుస్తున్న పొద్దు" పాటలో మళ్ళీ తెరపై కనిపించాడు. 2023 ఆగష్టు 6న హైదరాబాదులో మరణించాడు. నంది పురస్కారాల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరిట నెలకొల్పిన చలనచిత్ర పురస్కారాలు 2025లో తొలిసారి ప్రదానం చేయబడ్డాయి.