సంక్రాంతి సెలవులలో పక్షుల యాత్ర

మనకు చుట్టాలు పండుగలకు వస్తారు. మన కోస్తా చెరువులకు, కయ్యలకు చుట్టాలు చలికాలంలో వస్తాయి. సంక్రాంతి సెలవులలో మూడు చోట్లకు వెళ్లితే వాటిని చూసి రావచ్చు.

మొదటిది పులికాటు. నెల్లూరు నుంచి చెన్నై పోయే రైలులో సూళ్లూరుపేట వద్ద దిగాలి. అక్కడినుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగానే పోతుంది. మన దేశంలో చిలికా తరవాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. అయినా చాలాచోట్ల నీరు మోకాలిలోతే! ఆ నీటిలో పొడుగుకాళ్ల రాజహంసలు వందలకొద్దీ బారులు తీరి ఉంటాయి.

రాజహంస తిండి తినే తీరు తమాషాగా ఉంటుంది. అది తలను తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని పీల్చి, మళ్లీ బయటికి చిమ్ముతుంది. ముక్కు అంచులలో జల్లెడవంటి ఏర్పాటు ఉన్నది. చిన్న చిన్న రొయ్యలూ, పురుగులూ అందులో చిక్కుకుంటాయి. దాని రెక్కలకు గులాబిరంగు వచ్చేది కూడా ఈ తిండివల్లనే!

రెండవది నేలపట్టు. ఇది సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడి చెరువులో నీటికడప చెట్లు నీళ్లలోనే నిలిచి ఉంటాయి. వాటిపైన గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. గూడబాతు ముక్కు కింద పెద్ద తోలుసంచి ఉంటుంది. చేపలను పట్టేందుకు అదే దాని వల. పట్టగానే నీటిని కార్చివేసి, చేపను మింగుతుంది. గూటికి వచ్చాక పిల్ల తన తలను తల్లి సంచిలో దూర్చి తింటుంది.

చెట్టు కింద నీళ్లుంటే పిల్లులు, నక్కలు గూటిని చేరలేవు. అందుకే చెరువు నిండిన ఏడే పక్షులకు పండుగ. వానలు తప్పితే అవి గూళ్లు కట్టవు. వాటి రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువు. కనుకనే ఆ ఊరివారు పక్షులను తమవిగా చూసుకొంటూ వచ్చారు. 1976లో ప్రభుత్వం ఈ చోటును పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించింది.

మూడవది కాకినాడ దగ్గరి కోరింగ. ఇది గోదావరి సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి. ఈ చెట్ల వేళ్లు కొన్ని గాలి పీల్చేందుకు బురదలోనుంచి పైకి పొడుచుకొని వస్తాయి. ఆ వేళ్ల సందున చేపపిల్లలు, పీతలు దాక్కుంటాయి. వాటికోసం లకుముకి పిట్టలు, కొంగలు కాచుకొని కూర్చుంటాయి. తుఫాను వచ్చినప్పుడు అలల ఉరవడిని తగ్గించేది కూడా ఈ అడవే.

ఎందుకు ఇంత జాగ్రత్త అంటారా? కొల్లేటి సంగతి వినండి. సరస్సు లోపల చేపల చెరువులు తవ్వి గట్లు పోయగా, నీరు పారే దారులు మూసుకుపోయినవి. 2006లో ప్రభుత్వం ఆ గట్లను పగులగొట్టించవలసి వచ్చింది. నీటి దారి చెడితే పక్షులకే కాదు, మనుషులకూ కష్టమే.

పక్షులను చూడబోయేటప్పుడు తెల్లవారకముందే బయలుదేరండి. మట్టిరంగు బట్టలు కట్టుకోండి. కేకలు వేయవద్దు, రాళ్లు రువ్వవద్దు, గూళ్ల దగ్గరికి పోవద్దు. తల్లి బెదరి లేచిపోతే గుడ్లు ఎండకు పాడవుతాయి, కాకులు పిల్లలను ఎత్తుకుపోతాయి. ఒక నోటుపుస్తకంలో పక్షి ముక్కు, కాళ్లు, రంగు బొమ్మ వేసుకొని, తేదీ రాసుకోండి. వచ్చే ఏడు అదే తేదీకి మళ్లీ వెళ్లి చూస్తే, ఏ చుట్టం వచ్చిందో, ఏది రాలేదో మీకే తెలుస్తుంది.