కరోనా పోయింది, ఆయాసం పోలేదు! ఎందుకు?

"కరోనా పోయింది గని దమ్ము పోతలేదు సారూ!"

2021 ఆగస్టులో సుల్తానాబాద్ దగ్గరి ఒక గ్రామం నుంచి వచ్చిన ఇల్లాలు, తన భర్తను నా ముందు కూర్చోబెట్టి అన్న మాట ఇది. ఆయనకు 48 ఏళ్ళు. రైసు మిల్లులో గుమాస్తా. రెండు మూత్రపిండాలూ చెడిపోవడం వల్ల మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. ఆ మే నెలలో కరోనా సోకి, 11 రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు.

"పండుకుంటే దమ్మొస్తది. దిండ్లు పెట్టుకొని కూసోనే తెల్లారుస్తున్నడు. కరోనా ఊపిరితిత్తులను తినేసిందంటున్నరు. ఇగ ఇంతేనా సారూ?" అని ఆమె అడిగింది.

వారి సంచిలో మూడు సి.టి. స్కాన్లున్నాయి. స్టెరాయిడ్ మాత్రలు, పీల్చే మందు ఉన్నాయి. అప్పు ఎంత అయిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. డయాలిసిస్ పుస్తకం తిరగేశాను. 'డ్రై వెయిట్' 58 కిలోలు అని రాసి ఉంది. అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు. డయాలిసిస్ అయిన ప్రతిసారీ ఆయన సరిగ్గా 58 కిలోలే తూగుతున్నాడు. కాబట్టి నీరు నిలవలేదని, ఆయాసం కరోనా మిగిల్చిందేనని నేనూ అనుకున్నాను. పీల్చే మందు కొనసాగించి రెండు వారాల తరువాత రమ్మన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు ఆయన వేలి ఉంగరానికి దారం చుట్టి ఉండడం చూశాను. "జారిపోతున్నదని చుట్టినం సారూ. ప్యాంటు కూడా నిలుస్తలేదు. బెల్టుకు రెండు బొక్కలు కొత్తగ కొట్టించినం" అన్నదామె.

నా తప్పు అప్పుడు తెలిసింది. ఉంగరం జారేంత చిక్కిన మనిషి ఇంకా 58 కిలోలే ఎలా ఉంటాడు? కరోనా నెలలో ఆయన ఒంట్లో కండ కరిగిపోయింది. ఆ కండ పోయిన లెక్కలో నీరు చేరింది. త్రాసు ముల్లు మాత్రం పాత అంకె మీదే నిలబడింది! డయాలిసిస్ తరువాత కూడా రక్తపోటు 170/100 ఉండడానికీ కారణం అదే.

డయాలిసిస్ డాక్టరుగారితో మాట్లాడి, విడతకు కొంచెం కొంచెంగా డ్రై వెయిట్ తగ్గిస్తూ వచ్చాం. నెల రోజులలో 54 కిలోలకు వచ్చాడు. ఆ నెలాఖరుకు ఒక్క దిండుతో పడుకుని నిద్రపోయాడు.

మూత్రపిండాలకూ, ఊపిరికీ లంకె

ఊపిరితిత్తులలో కోట్ల కొద్దీ చిన్న గాలి గదులుంటాయి. వాటి గోడలు బహు పలుచన. ఆ గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలోకి వెళుతుంది. ఆరోగ్యవంతుడు ఎక్కువైన నీటిని మూత్రంగా వదిలేస్తాడు. డయాలిసిస్ రోగికి ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. రెండు డయాలిసిస్‌ల మధ్య తాగినదానిలో చాలా భాగం ఒంట్లోనే నిలుస్తుంది. అది ఎక్కువైతే గుండె మోయలేక, నీరు గాలి గదుల గోడలలోకి, ఆ తరువాత గదులలోకి ఊరుతుంది. పడుకున్నప్పుడు కాళ్ళలోని నీరు కూడా పైకి వస్తుంది గనుక ఆయాసం పెరుగుతుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది.

కరోనా వైరస్ దెబ్బతీసేది కూడా ఈ గాలి గదులనే. వాటి గోడలు వాచి, స్కాన్‌లో మసక గాజులాంటి నీడలు కనిపిస్తాయి. చాలామందిలో ఈ నీడలు కొన్ని నెలల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. జబ్బు తీవ్రంగా వచ్చినవారిలో కొందరికి మాత్రం గోడలు గట్టిపడి మచ్చలు మిగులుతాయి.

చిక్కు ఎక్కడంటే, ఊపిరితిత్తులలో నీరు చేరినా స్కాన్‌లో దాదాపు అలాంటి నీడలే కనిపిస్తాయి! అందువల్ల డయాలిసిస్ రోగికి అత్యవసరం కాని స్కాన్, ఊపిరి పరీక్ష డయాలిసిస్ అయిన మరునాడు, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు తీయించడం మంచిది. డయాలిసిస్ ఏ రోజు జరిగిందో స్కాన్ తీసేవారికి తప్పక చెప్పండి.

కరోనా తొలి ఏడాదిలో ఐరోపా దేశాలలో ఈ జబ్బు సోకిన డయాలిసిస్ రోగులలో సుమారు నలుగురైదుగురికి ఒకరు నెల తిరగకుండా మరణించారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై బస్సులు ఆగిపోయినా, ఈ రోగులు ఇంట్లో కూర్చోవడానికి వీలు లేకపోయింది. వారానికి రెండు మూడుసార్లు గడప దాటవలసిందే. అంతటి గండం గడిచి బయటపడినవారు తీరా నీటి వల్ల వచ్చే ఆయాసాన్ని 'కరోనా మచ్చ' అనుకుని బాధపడుతూ ఉండిపోవడం ఎంత అన్యాయం!

ఏ ఆయాసం దేనివల్ల?

నీరు ఎక్కువైతే: పడుకుంటే పెరుగుతుంది. డయాలిసిస్‌కు ముందు రోజు ఎక్కువ, అయ్యాక తక్కువ. రక్తపోటు పెరుగుతుంది. కాళ్ళ వాపు ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు.

మచ్చల వల్ల అయితే: డయాలిసిస్‌కు ముందూ తరువాతా ఒకేలా ఉంటుంది. పొడి దగ్గు వస్తుంది. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, ఆరు నిమిషాలు నడిస్తే వేలికి పెట్టే ఆక్సిమీటరులో అంకె పడిపోతుంది.

రక్తం తక్కువైతే: ముఖం పాలిపోతుంది, నాలుగు మెట్లకే అలసట వస్తుంది. కరోనా తరువాత కొందరిలో రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు మునుపటిలా పనిచేయవు. హిమోగ్లోబిన్ 10కి తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

క్షయ అయితే: సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, ఆకలి మందగించడం. డయాలిసిస్ రోగులకు క్షయ సోకే ప్రమాదం మామూలువారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కరోనాకు స్టెరాయిడ్లు వాడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఒకే మనిషిలో వీటిలో రెండు మూడు కలిసి కూడా ఉండవచ్చు. పైన చెప్పిన గుమాస్తాకు నీరు తీసేశాక కూడా, బస్టాండు దాకా నడిస్తే ఆక్సిజన్ 96 నుంచి 91కి దిగేది. అది నిజంగా మచ్చే. ఆరు నెలల్లో కొంత మెరుగుపడింది, పూర్తిగా పోలేదు. కానీ ముందు నీటి సంగతి తేల్చుకున్నాకనే మచ్చ ఎంతో మాకు తెలిసింది.

మన ప్రాంతంలో మరో సంగతి ఉంది. గోదావరిఖనిలో బొగ్గు, బసంత్‌నగర్‌లో సిమెంటు, పెద్దపల్లి, సుల్తానాబాద్ మిల్లులలో ఊక ధూళి, బీడీలు చుట్టే ఇళ్ళలో పొగాకు ధూళి. ఏళ్ళ తరబడి ఈ పనులు చేసినవారి ఊపిరితిత్తులు కరోనాకు ముందే కొంత దెబ్బతిని ఉండవచ్చు. మీరు చేసిన పని ఏమిటో డాక్టరుకు చెప్పండి. అడగలేదని ఊరుకోకండి.

ఇంట్లో పాటించవలసినవి

1. కరోనా అయినా, మరే పెద్ద జబ్బు అయినా తగ్గాక, "నా డ్రై వెయిట్ మళ్ళీ చూడండి" అని డయాలిసిస్ డాక్టరును అడగండి. బట్టలు వదులై, బరువు మాత్రం తగ్గలేదంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. కోలుకుని, ఆకలి పుట్టి కండ పట్టాక డ్రై వెయిట్ పెంచవలసి వస్తుంది. కాబట్టి నెలకొకసారి చూడడం అవసరం.

2. నిన్న వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు కలపండి. సాధారణంగా నేడు తాగదగినది అంతే. మీ డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించండి. చాయ్, మజ్జిగ, అంబలి, పచ్చిపులుసు అన్నీ ఈ లెక్కలోవే. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది. అప్పుడు నోరు పుక్కిలించి ఉమ్మండి, చిన్న ఐసు ముక్క చప్పరించండి, దానినీ లెక్కలో వేయండి.

3. దాహానికి మూలం ఉప్పు. తొక్కులు, అప్పడాలు, మిక్చరు మానాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. అది మీకు మరింత ప్రమాదం.

4. నీరసం పోతుందని చుట్టాలు తెచ్చే కొబ్బరినీళ్ళు, పండ్ల రసాలు వద్దు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పూటపూటా కషాయాలు తాగితే నీరూ పెరుగుతుంది. కండ పట్టడానికి గుడ్డు తెల్లసొన, చేప, కోడిమాంసం ఎంత తినాలో డాక్టరును అడిగి తినండి.

5. డయాలిసిస్ లేని రోజున పది నిమిషాలు నడవండి. మూడు బంతుల పరికరంతో పూటకు పదిసార్లు మెల్లగా గాలి పీల్చండి. కళ్ళు తిరిగితే ఆపండి.

6. మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, వాడుతున్నవి ఒక్కసారిగా ఆపనూ వద్దు.

7. టీకాలు మరవకండి. 2021 మార్చి 1న 45 ఏళ్ళు పైబడిన దీర్ఘరోగులకు కరోనా టీకా మొదలైనప్పుడు ఆ జాబితాలో డయాలిసిస్ రోగులను చేర్చారు. వీరి ఒంట్లో టీకా బలం తక్కువగా పుడుతుంది, త్వరగా తగ్గుతుంది. తరువాతి మోతాదుల గురించి, ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్-బి టీకాల గురించి అడిగి తెలుసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది గాని, వైరస్ పోయిందనలేదు.

ఒక్క క్షణం ఆలస్యం చేయరాని వేళలు

హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, ఒకే కాలు వాపు, కఫంలో నెత్తురు, పెదవులు నీలం కావడం, ఆక్సిజన్ 90కి తగ్గడం. వీటిలో ఏది కనిపించినా మర్నాటి డయాలిసిస్ కోసం ఎదురుచూడక వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది.

ఆ గుమాస్తా ఇప్పుడు మిల్లు పని మాని, ఊళ్ళోనే చిన్న కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. మొన్న కలిసినప్పుడు బరువు 56 కిలోలు. ఈసారి అది కండే. ఉంగరానికి దారం లేదు.

మీ ఇంట్లో డయాలిసిస్ రోగి ఉంటే త్రాసు మీది అంకెతోపాటు ఆయన ఉంగరాన్ని, చొక్కా కాలరును, రాత్రి పెట్టుకునే దిండ్లను కూడా గమనించండి. వచ్చినప్పుడు అవన్నీ మాకు చెప్పండి. పుస్తకంలో రాయని సంగతులు ఇంట్లోవారికే తెలుస్తాయి.