గుడారంలో చలి, కుంపటిలో ముప్పు

డిసెంబరు వచ్చిందంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, వంజంగి, అరకు కొండల మీద రంగురంగుల గుడారాలు వెలుస్తాయి. విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చిన కుర్రకారు రాత్రంతా ఆరుబయట గడిపి, తెల్లవారుజామున లోయను కప్పేసిన మేఘాల మీద సూర్యోదయం చూసి వెళ్తారు. పట్నం దీపాల వెలుతురులో కనిపించని చుక్కలు ఇక్కడ లెక్కకు మించి కనిపిస్తాయి. కృత్తికల గుంపులో ఎవరికి ఎన్ని చుక్కలు కనిపిస్తాయో పందెం వేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

అయితే ఆకాశం అంత నిర్మలంగా ఉండటానికీ, అర్ధరాత్రి దాటాక పళ్లు టకటకా కొట్టుకోవడానికీ సంబంధం ఉంది. ఆ చలికి తాళలేక మనం చేసే ఒక పని ప్రాణాల మీదికి తెస్తుంది.

పగలంతా ఎండకు వేడెక్కిన నేల, ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదులుతూనే ఉంటుంది. మబ్బులు ఆ కిరణాలను పీల్చుకుని కొంత వేడిని మళ్లీ కిందికి పంపుతాయి. ఒక రకంగా అవి నేలకు దుప్పటి. మబ్బు లేని, గాలిలో తేమ తక్కువగా ఉన్న శీతాకాలపు రాత్రి ఆ దుప్పటి తొలగిపోతుంది. గాలి కూడా వీచకపోతే పైనున్న వెచ్చని గాలి కిందికి వచ్చి కలవదు. అప్పుడు గడ్డి, గుడారం పైబట్ట తమ చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడతాయి.

ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి అలహాబాదు కథ ఒకటుంది. ఫ్రిజ్‌లు లేని 18వ శతాబ్దంలో అక్కడ శీతాకాలపు రాత్రుల్లో మంచుగడ్డ తయారుచేసేవారు. మైదానంలో లోతు తక్కువ గోతులు తవ్వి, అడుగున ఎండు చెరకు గడలో మొక్కజొన్న దంట్లో పరిచి, వాటిమీద పలుచని మట్టి మూకుళ్లు పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి వదిలేసేవారు. ఆకాశం తేటగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి అయితే పొద్దు పొడవక ముందే మూకుళ్లలో మంచు పేరుకునేది. రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీన్ని వర్ణించాడు. చుట్టూ ఉన్న గాలి సున్నా డిగ్రీలకు దిగకుండానే నీరు ఎలా గడ్డకట్టింది? లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు తోటలో రాత్రిళ్లు ఉన్ని కుచ్చులు పెట్టి, వాటికి పట్టిన మంచు బిందువులను తూకం వేసి చూశాడు. ఆకాశానికి ఎదురుగా ఉన్న ఉన్నికి, చెక్క చాటున ఉన్న ఉన్నికన్నా ఎక్కువ నీరు పట్టింది. వస్తువులు తమ వేడిని ఆకాశానికి పోగొట్టుకోవడమే దీనికి కారణమని 1814లో ప్రచురించిన పుస్తకంలో తేల్చాడు. అలహాబాదు మంచుకూ అదే కారణమన్నాడు.

కొండ మీద మన గుడారం ఆ మూకుడు లాంటిదే. దాన్ని పూర్తిగా బయలులో కాకుండా చెట్ల పక్కన వేస్తే ఆకులు మబ్బు చేసే పని కొంత చేస్తాయి. ఎండిపోయిన కొమ్మ కింద మాత్రం వేయకూడదు. పల్లంలో వేయడం ఇంకో పొరపాటు. చల్లగాలి బరువైనది కాబట్టి నీళ్లలా వాలుకు జారి గుంటల్లో నిలుస్తుంది. పది అడుగులు ఎగువన పడుకున్నవారికి అంత చలి ఉండకపోవచ్చు.

నేల కూడా ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్ అయినా మన బరువుకు కిందివైపు నలిగి, లోపలి గాలి పోయి పనికిరాకుండా అవుతుంది. ఆ మూకుళ్ల కింద చెరకు గడలు పరిచినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పొలం కాపలాకు వెళ్లి వరిగడ్డి పరుచుకుని, పైన గొంగళి కప్పుకునే రైతుకూ తెలుసు. గడ్డిలోనూ ఉన్నిలోనూ చిక్కుకున్న గాలే వెచ్చదనం.

అసలు ముప్పు చలితో కాదు, దానికి విరుగుడుగా గుడారంలోకి తెచ్చుకునే నిప్పుతో. బయట వేసుకున్న మంట ఆరుతున్నప్పుడు "పొగ లేదు కదా" అని కణకణలాడే బొగ్గులను కుంపటిలో ఎత్తి లోపల పెట్టుకుంటారు. పొగ లేకపోవడమే ఇక్కడ మోసం. గాలి చాలక మెల్లగా రగిలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పైన బూడిద కమ్మి చల్లారినట్టు కనిపించే నిప్పు నుంచీ వస్తుంది. మంచుకు తడిసిన గుడారం బట్టలోంచి గాలి అంతగా ఆడదు.

ఈ వాయువు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో కొద్దిగా ఉన్నా, గంటలు గడిచేకొద్దీ ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ప్రయాణ బడలిక అనుకుని పడుకుంటారు, ఇక లేవరు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ కూడా ఇక్కడ నమ్మదగ్గది కాదు. మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేసి మంచి అంకె చూపిస్తుంది. అనుమానం వస్తే వెంటనే మనిషిని బయటి గాలిలోకి తేవాలి, ఆసుపత్రికి చేర్చాలి. రక్తంలో చేరిన విషం సగానికి తగ్గడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే సుమారు గంటన్నర చాలు.

జిప్పు కాస్త తెరిచి ఉంచితే సరిపోతుందని కొందరంటారు. దాన్ని నమ్ముకోవద్దు. కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ గుడారంలోకి రాకూడదు, అంతే. వేడినీళ్లు నింపి గట్టిగా మూత బిగించిన సీసాను గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారేదాకా హాయిగా నిద్ర పడుతుంది. జిప్పు తెరవాల్సింది మరో పనికి. మనిషి ఊపిరితో రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా బయటికి పోతుంది. గాలి ఆడకపోతే అది లోపలి గోడకు పట్టి పక్క మీద చినుకుతుంది. దోమతెర ఉన్న కిటికీ తెరిస్తే చాలు, తలుపు జిప్పు మాత్రం మూసే ఉంచాలి. ముఖ్యంగా వానాకాలంలో. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవారిని కాటేస్తుంది. కాటు నొప్పి తెలియక, గాటు సరిగా కనబడక, తెల్లారి కడుపునొప్పితోనో కనురెప్పలు వాలిపోతూనో బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. అలాంటి లక్షణం కనిపిస్తే పసరు మందుల జోలికి పోకుండా యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంటికి వచ్చాక వారం పది రోజులకు జ్వరం వస్తే ఒళ్లంతా ఓసారి వెతుక్కోండి. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని చిన్న పుండు ఉంటే అది గడ్డిలోని సూక్ష్మమైన నల్లి పిల్ల కుట్టడం వల్ల సోకే స్క్రబ్ టైఫస్ కావచ్చు. పుండు అందరిలోనూ కనిపించదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ ముప్పు. డాక్టరు అడగకపోయినా, కొండమీద గడ్డిలో పడుకున్న సంగతి మీరే చెప్పండి.