విడదీసి కూర్చే కాగితపు మనిషి

1027 ప్రాంతంలో చైనాను ఏలుతున్న సోంగ్ చక్రవర్తి రెన్‌జోంగ్ కోసం వాంగ్ వెయ్‌యీ అనే ఆస్థాన వైద్యుడు రెండు కంచు మనుషుల్ని పోత పోయించాడు. నిలువెత్తు విగ్రహాలు, లోపలంతా డొల్ల. సూదివైద్యులు గుచ్చాల్సిన చోట్ల చిన్న చిన్న రంధ్రాలు, వాటి పక్కనే పేర్లు. పరీక్ష పెట్టేటప్పుడు విగ్రహం ఒంటినిండా మైనం పూసి ఆ రంధ్రాల్నీ పేర్లనూ కప్పేసేవారు, లోపల నీళ్లు నింపేవారు. విద్యార్థి సరైన చోట గుచ్చితే నీళ్లు బయటికి వస్తాయి. చోటు తప్పితే సూది దిగదు. తప్పొప్పులు చెప్పడానికి పక్కన గురువు నిలబడాల్సిన పని లేదు.

శరీరాన్ని నేర్చుకోవడానికి మనుషులు కనిపెట్టిన పనిముట్లలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఇలాంటివే. బొమ్మలూ పటాలూ చూపించి ఊరుకుంటాయి. ఇవి మన చేత పని చేయించి, తప్పు జరిగితే అక్కడికక్కడే తప్పని చెబుతాయి. ఈ జాతి పనిముట్లలో అత్యుత్తమమైనది 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ఒక పల్లెటూళ్లో పుట్టింది. దాన్ని చేసింది కాగితపు గుజ్జుతో.

దాని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థి పక్కన కాసేపు కూర్చోవాలి. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు, మెదడు నుంచి బయలుదేరే నాడులు పన్నెండు జతలు, ఒక్క మణికట్టులోనే ఎనిమిది ఎముకలు. ఈ పేర్లను వరుస తప్పకుండా గుర్తుపెట్టుకోవడానికి సీనియర్లు జూనియర్లకు అప్పజెప్పే ఇంగ్లీషు పొడిమాటలు, ప్రాసవాక్యాలు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను. పరీక్ష హాల్లో అవి ఎందరినో గట్టెక్కించాయి. కానీ ప్రాసవాక్యం ఇచ్చేది పేర్ల వరుస మాత్రమే. దేని వెనక ఏముందో అది చెప్పదు.

కాలేయం దగ్గరికే వెళ్దాం. పొట్ట నుంచి కాలేయానికి వెళ్లే పల్చని పొర అంచులో మూడు గొట్టాలు కలిసి నడుస్తాయి. ముందు వైపు కుడి పక్కన పిత్తనాళం, ఎడమ పక్కన కాలేయానికి రక్తం తీసుకెళ్లే ధమని, ఆ రెంటికీ వెనక లావుపాటి పోర్టల్ సిర. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేసే సర్జన్ రోజూ తిరిగే వీధి ఇది. మూడు పేర్లూ కంఠతా వచ్చి ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఆ చదువు రోగికి ప్రమాదం. ముందు, వెనక, లోతు అనేవి నోటితో వల్లెవేస్తే వచ్చే విషయాలు కావు.

యూరప్‌లో ఈ సంగతి అచ్చుయంత్రం వచ్చిన తొలినాళ్లలోనే గుర్తించారు. 1538లో స్ట్రాస్‌బర్గ్‌లో హైన్రిష్ ఫోగ్ట్‌హెర్ అచ్చువేసిన పటాల్లో స్త్రీ బొమ్మ పొట్ట మీది కాగితపు రెక్క ఎత్తితే పేగులు, ఆ రెక్క కూడా ఎత్తితే ఇంకా లోపలి భాగాలు కనబడేవి. ఐదేళ్లకు, 1543లో, శరీర శాస్త్రవేత్త వెసాలియస్ తన మహాగ్రంథంతో పాటు విద్యార్థుల కోసం చిన్న సంగ్రహం ఒకటి వేశాడు. అందులో కొన్ని బొమ్మల్ని కత్తిరించి ఒకదాని మీద ఒకటి అతికించుకోవాలి. విద్యార్థి తన పుస్తకాన్ని తానే తయారు చేసుకోవాలన్నమాట. 17వ శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో స్టెఫాన్ జిక్ వంటి పనివాళ్లు అరచేతిలో పట్టే దంతపు బొమ్మలు చెక్కారు. పొట్ట మీది మూత తీస్తే గింజలంతేసి అవయవాలు చేతికొస్తాయి. చూడముచ్చటైనవే గానీ వాటితో చదువుకుని డాక్టరు కావడం కష్టం.

18వ శతాబ్దం మైనానిది. ఫ్లోరెన్స్‌లో 1775లో ప్రజల కోసం తెరిచిన లా స్పెకోలా మ్యూజియంలో ఫెలిచె ఫోంతానా పర్యవేక్షణలో, క్లెమెంతె సుసీని వంటి శిల్పుల చేతుల మీదుగా తయారైన మైనపు శరీరాలు ఈనాటికీ ఉన్నాయి. కోసిన శవం మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో రంగు కలిపిన తేనెమైనం పోసి, సన్నని నాడుల్ని దారాలతో తీర్చేవారు. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ వాటిని చూసి ముచ్చటపడి తన సైనిక వైద్యుల శిక్షణ కోసం వెయ్యికి పైగా నమూనాలు చేయించుకున్నాడు. కంచరగాడిదల మీద ఆల్ప్స్ పర్వతాలు దాటి అవి వియన్నా చేరాయి.

అంత గొప్ప పని చేయించిన ఫోంతానాకే ఆ పని తృప్తినివ్వలేదు. శరీర శాస్త్ర చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది. మైనపు శరీరం ఎంత అందంగా ఉన్నా అది ఒకే ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. ఒక కండరం కింద ఏముందో తెలియాలంటే ఇంకో నమూనా కావాలి, దాని కింద ఏముందో తెలియాలంటే మరొకటి. ముట్టుకుంటే వేలిముద్ర పడుతుంది, ఎండకు మెత్తబడుతుంది. ఫోంతానాకు కావలసింది ముక్క ముక్కగా ఊడదీసి మళ్లీ కూర్చగలిగే మనిషి. అందుకోసం కొయ్యను ఎంచుకుని తన చివరి ఏళ్లన్నీ ఆ పనికే ధారపోశాడు. 1796లో ఫ్లోరెన్స్ వచ్చిన నెపోలియన్ ఆ కొయ్యమనిషి సంగతి విని పారిస్‌కు ఒకటి కావాలని పురమాయించాడు కూడా. కానీ కొయ్య గాలిలోని తేమకు ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుపోతుంది. నిన్న సరిగ్గా అమరిన ముక్క ఇవాళ అమరదు. ఊహ సరైనదే. పదార్థం సహకరించలేదు.

పారిస్‌లో వైద్యం చదువుతున్న లూయీ ఓజూ ఈ చిక్కును చేతిలోకి తీసుకున్నాడు. 1797లో నార్మండీలోని సెంతోబాం దెక్రోవిల్ అనే పల్లెలో పుట్టినవాడు. అతని కాలంలో శవాల కరువు భయంకరంగా ఉండేది. కుళ్లకుండా నిలవచేసే పద్ధతి లేదు, కాబట్టి కోతలన్నీ చలికాలంలోనే, అదీ హడావుడిగా. సమాధులు తవ్వి శవాలు అమ్ముకునే ముఠాలు బయల్దేరాయి. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 1828లో పట్టుబడే నాటికి శరీర శాస్త్ర పాఠశాలకు శవాలు అమ్మడం కోసం పదహారు మందిని చంపారు. 1832లో బ్రిటన్ పార్లమెంటు శవాల సరఫరా మీద చట్టం చేయడానికి ఆ హత్యలు రేపిన అలజడి ఒక కారణం.

కాన్ నగరంలో అమెలీన్ అనే ఆచార్యుడు అస్థిపంజరం మీద కాగితపు గుజ్జుతో కండరాలు తీర్చుతున్నాడని తెలిసి ఓజూ ఆ దారి పట్టాడు. అయితే అమెలీన్ బొమ్మ ప్రతిసారీ చేత్తో తీర్చవలసిందే, ఒకదానిలా ఇంకొకటి రాదు. ఓజూ అచ్చుల గురించి ఆలోచించాడు. 1822లో తన మొదటి నమూనాలను పారిస్ పండితుల ముందుంచాడు. మరికొన్నేళ్లకు నిలువెత్తు మనిషి సిద్ధమయ్యాడు. 1820ల చివరికల్లా సొంత ఊళ్లోనే కార్ఖానా వెలిసింది.

అతని రహస్యమంతా గుజ్జులో ఉంది. చింపిన కాగితం, పిండి జిగురు, సుద్ద, వాటితో పాటు కార్కు బెరడు పొడి. మన కొండపల్లి పనివాళ్లు చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటారు చూడండి, ఇదీ ఆ కోవలోదే: తడిగా ఉన్నప్పుడు చెప్పినట్టు వింటుంది, ఆరాక తేలిగ్గా, గట్టిగా నిలుస్తుంది. బెరడు పొడి వల్ల బరువు తగ్గుతుంది, ఆరేటప్పుడు పగుళ్లు రావు. ముందు లోహపు అచ్చు లోపలి వైపు జిగురు కాగితాలు పొరలుగా అంటించి, వాటిపైన వేడి గుజ్జు పెట్టి, మరతో గట్టిగా అదిమేవారు. బయటికి తీసిన ముక్కకు రక్తనాళాలూ నాడులూ కావాలి. దారం చుట్టిన లోహపు తీగల్ని ఒక్కొక్కటిగా అతికించి, ధమనులకు ఎరుపు, సిరలకు నీలం వేసి, పైన వార్నిష్ పూసేవారు. లోహపు అచ్చు కాబట్టి వందో బొమ్మ కూడా మొదటి బొమ్మలాగే వస్తుంది. ఒక ముక్క పాడైతే అదొక్కటే తెప్పించుకోవచ్చు. ఫోంతానా కొయ్యలో ఎంత వెతికినా దొరకనిది ఇదే.

ఇప్పుడు ఆ మనిషిని విప్పి చూద్దాం. ఒంటి మీద ఎక్కడ చూసినా అంకెలూ అక్షరాలూ అచ్చేసిన చిన్న కాగితపు చీటీలు. ఏ అంకె ఏ భాగమో చెప్పే పట్టిక బొమ్మతో పాటే వస్తుంది. కొన్ని చోట్ల చీటీ మీద వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ ఉంటుంది, అంటే ఇక్కడ పట్టుకుని ఎత్తు అని అర్థం. చిన్న ఇనుప కొక్కెం తప్పిస్తే రొమ్ము గోడ చేతిలోకి వస్తుంది. ఊపిరితిత్తులు తీయాలి, తర్వాత గుండె. ఆ గుండె కూడా విడివడి లోపలి గదులు కనబడతాయి. కాలేయం, పొట్ట, పేగులు తీస్తే గానీ వెన్ను నానుకున్న మూత్రపిండాలు అందవు. చేతి కండరాలు తమ నాడుల్నీ నాళాల్నీ వెంటబెట్టుకుని పొర తర్వాత పొరగా ఊడతాయి. పూర్తి మనిషిలో విడదీయగల ముక్కలు వందకు అటూ ఇటూ ఉంటాయి, గుర్తించవలసిన వివరాలు వెయ్యికి పైమాటే. నిలువెత్తు బొమ్మ ఖరీదు 3,000 ఫ్రాంకులు. చిన్న పాఠశాలలకు అది అందని ధర కనుక ఓజూ కురచ బొమ్మ కూడా తక్కువకే చేసిపెట్టాడు.

విప్పడం ఎవరైనా విప్పుతారు. అసలు చదువు తిరిగి పేర్చేటప్పుడు మొదలవుతుంది. మూత్రపిండం పెట్టకముందే పేగులు పెడితే వాటిని మళ్లీ తీయక తప్పదు. కుడి ముక్క ఎడమవైపు కూర్చోదు. నాళం ముందు నడవాలా వెనక నడవాలా అన్నది మర్చిపోతే కొక్కేనికి చోటు దొరకదు. విద్యార్థి చేతిలోని ముక్కే పరీక్షాధికారి. శవం కోతలో ఈ సౌకర్యం లేదు. ఒకసారి తెగిన నాడిని తిరిగి అతికించలేం, రెండోసారి ప్రయత్నం ఉండదు. ఓజూ బొమ్మ ఎన్నిసార్లయినా క్షమిస్తుంది.

ఈ పని చేసింది ఎవరన్నది నాకు ఇంకా ముఖ్యం. కార్ఖానాలో పనివాళ్లు ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లూ మగవాళ్లూ. వాళ్లకు ఓజూయే శరీర శాస్త్రం నేర్పాడు. నాడి ఎటు పోతుందో తెలియని చెయ్యి దాన్ని సరిగ్గా అతికించలేదని అతని నమ్మకం. వైద్య కళాశాల గడప తొక్కని పల్లె జనం రోజంతా మనిషి ధమనుల దారులు తీర్చుతూ వాటిని కంఠతా పట్టారు. చేతితో చేసిన పని మనసులో ఎంత లోతుగా దిగుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల నాకు కనబడదు.

మనిషి తర్వాత గుర్రం వచ్చింది. ఆశ్విక దళాలున్న ఫ్రాన్సు సైన్యానికి గుర్రం ఒంటి సంగతులు చాలా అవసరం. పళ్లు చూసి వయసు పోల్చడం నేర్పడానికి ఓజూ వేర్వేరు వయసుల దవడల సెట్లు కూడా చేశాడు. చెవి, కన్ను వంటి వాటిని ఎన్నో రెట్లు పెంచి చేశాడు. పట్టుపురుగు, నత్త, జలగ, చివరికి పువ్వుల్ని కూడా రేకు రేకుగా విడదీసే బొమ్మలుగా మలిచాడు. యూరప్ దాటి ఈజిప్టు దాకా, అమెరికా దాకా అవి వెళ్లాయి. శవం త్వరగా కుళ్లే వేడి దేశాల్లో వాటి విలువ వేరే చెప్పాలా? 1880లో ఓజూ చనిపోయాక కూడా కార్ఖానా ఆగలేదు. అతని ఊరికి దగ్గర్లోని ల నూబూర్‌లో ఈ బొమ్మలకు ఇప్పుడొక మ్యూజియం ఉంది.

ఈ బొమ్మల గిరాకీని తగ్గించిన కారణాల్లో ఒకటి రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. 1893లో ఫెర్డినాండ్ బ్లుమ్ ఫార్మాల్డిహైడ్ కణజాలాన్ని గట్టిపరుస్తుందని గమనించాడు. ఆ తర్వాత శవాన్ని నెలల తరబడి నిలవ ఉంచి, తొందర లేకుండా కోసే వీలు కలిగింది. మరోవైపు ప్లాస్టిక్ వచ్చింది. కాగితానికి పురుగు పడుతుంది, చెమ్మ తగిలితే వార్నిష్ లేస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు. 1977లో హైడెల్‌బర్గ్‌లో గుంథర్ ఫాన్ హాగెన్స్ అసలు శరీరంలోని నీటినీ కొవ్వునూ అసిటోన్‌తో తీసేసి వాటి చోట ప్లాస్టిక్ ఎక్కించే ప్లాస్టినేషన్ పద్ధతి కనిపెట్టాడు. వాసన లేని, చేతితో పట్టుకోదగ్గ నిజమైన అవయవాలు విద్యార్థి ముందుకొచ్చాయి.

ఈ కథలో మన దేశానికి ఒక బరువైన భాగం ఉంది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా కులం కట్టుబాట్లను కాదని శవాన్ని కోసి ఆధునిక వైద్య విద్యకు దారి వేశాడు. ఆ కలకత్తానే తర్వాతి కాలంలో ప్రపంచానికి అస్థిపంజరాలు ఎగుమతి చేసే పెద్ద కేంద్రమైంది. ఎందరో విదేశీ వైద్య విద్యార్థులు ఎముకలు నేర్చుకున్నది భారతీయ పేదల ఎముకల మీద. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. మన విశాఖలోనో హైదరాబాద్‌లోనో సీనియర్ దగ్గర బోన్ సెట్ కొనుక్కునే కుర్రాడికి ఆ ఎముకలు ఒకప్పుడు ఒక మనిషివని ఎవరో ఒకరు చెప్పి తీరాలి. ఓజూ బొమ్మ ఎవరి అనుమతీ లేకుండా ఎవరి దేహాన్నీ తీసుకోలేదు. దాని గొప్పతనంలో అది కూడా భాగమే.

పేర్చడం ఎందుకు పనిచేస్తుందో ఓజూకు అనుభవం చెప్పింది. దానికి కొలత తర్వాత దొరికింది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పాఠం మూసి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాలకు పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో తారుమారైంది: చూడకుండా రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. జ్ఞాపకాన్ని బయటికి లాగే ప్రయత్నమే దాన్ని గట్టి చేస్తుంది. ముక్క చేతిలో పట్టుకుని దీని చోటెక్కడ అని తడుముకునే విద్యార్థి చేసేది సరిగ్గా ఆ ప్రయత్నమే.

ఇవాళ టాబ్లెట్ తెర మీద శరీరాన్ని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, ఒక వేలితో కండరం మాయం చేయొచ్చు. అందులో చాలా మేలుంది. కానీ ఆ బొమ్మల్లో చాలావాటితో నాకొక పేచీ ఉంది: మాయమైన కండరం ఒక బటన్ నొక్కగానే తన చోటికి తానే వచ్చేస్తుంది. విద్యార్థి దాన్ని వెతికి పెట్టాల్సిన పని లేదు. 3డి ప్రింటింగ్ మీద నాకు ఎక్కువ ఆశ ఉన్నది అందుకే. సీటీ స్కాన్ నుంచి అవయవాన్ని పొర పొరగా అచ్చువేసి చేతిలో పెడుతుంది అది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు అలా అచ్చువేసిన గుండెల్ని విద్యార్థులకిచ్చి 2016లో ఫలితాలు ప్రకటించారు. గుండె బయటి నిర్మాణం మీద పెట్టిన పరీక్షలో, నిజమైన గుండెలతో చదివినవాళ్ల కంటే అచ్చు గుండెలతో చదివినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ప్రింటర్లు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి. పక్క వీధిలోని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగం వెళ్లి ఆ ఇంజినీరింగ్ కాలేజీ తలుపు తడితే చాలు, విడదీసి కూర్చే కాలేయం ఒకటి, వెనక పోర్టల్ సిరతో సహా, మొదటి ఏడాది పిల్లల చేతికి అందుతుంది.