చుక్క జెముడు పూసేదాకా

నాగజెముడు తెలియని వాళ్ళు మన పల్లెల్లో ఉండరు. చేను గట్ల మీద, డొంకల పక్కన పెరుగుతుంది. ఒళ్ళంతా ముళ్ళు. పసుపు పచ్చని పువ్వు పూస్తుంది. దాని పండు తింటే నోరు ఎర్రగా అవుతుంది.

ఈ మొక్క పుట్టిల్లు మన దేశం కాదు. అమెరికా ఖండం. ఎప్పుడో ఓడలెక్కి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. ఈ జాతి మొక్కల్ని కాక్టస్ అంటారు. మన ఆకుజెముడు మాత్రం కాక్టస్ కాదు. దాన్ని విరిస్తే పాలు కారతాయి. అది వేరే కుటుంబం.

నాగజెముడు వద్దన్నా పెరుగుతుంది. దాని చుట్టాలన్నీ అలా కాదు. 2015లో శాస్త్రవేత్తలు కాక్టస్ రకాల లెక్క తీశారు. దాదాపు ప్రతి మూడు రకాల్లో ఒకటి అంతరించే ప్రమాదంలో ఉందని తేల్చారు. అలాంటి ఒక మొక్క సంగతి తెలుసుకుందాం.

ముళ్ళు లేని జెముడు

ఈ మొక్కకు ఇంగ్లీషులో స్టార్ కాక్టస్ అని పేరు. స్టార్ అంటే చుక్క. మనం చుక్క జెముడు అనుకుందాం. మెక్సికో దేశంలోనూ, దాని పక్కనే ఉన్న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలోనూ ఇది పెరుగుతుంది.

దీనికి ముళ్ళు ఉండవు. చిన్న గుమ్మడికాయను పైనుంచి నొక్కినట్టు ఉంటుంది. సాధారణంగా ఎనిమిది భాగాలుగా గీతలు ఉంటాయి. ఒంటి నిండా తెల్లటి చుక్కలు. వాన లేని రోజుల్లో ముడుచుకుని నేలలోకి దిగిపోతుంది. పక్కనే నడిచినా కనిపించదు. వాన పడితే మళ్ళీ ఉబ్బుతుంది. నడినెత్తిన పసుపు పువ్వు పూస్తుంది. పువ్వు లోపల ఎర్రగా ఉంటుంది.

ఈ అందమే దానికి ముప్పు తెచ్చింది. కుండీల్లో పెట్టుకోవాలని విదేశాల వాళ్ళు మోజు పడ్డారు. డబ్బు కోసం కొందరు మొక్కల్ని తవ్వి అమ్మేశారు. అది పెరిగే బీడు భూముల్ని దున్ని పొలాలు చేశారు. ఇళ్ళు కట్టారు. మొక్కలు తగ్గిపోయాయి. 1993లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది.

అరుదైన మొక్కల్ని, జంతువుల్ని కాపాడడానికి చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని పేరు సైటిస్. అది 1975లో అమలులోకి వచ్చింది. అడవిలో పెరిగిన చుక్క జెముడును తవ్వి, దేశం దాటించి అమ్మడం దాని ప్రకారం నిషేధం.

అయినా దొంగలు ఊరుకోరు. 2020లో ఇటలీ పోలీసులు ఒక ఇల్లు సోదా చేశారు. వెయ్యికి పైగా కాక్టస్ మొక్కలు దొరికాయి. అవి చిలీ దేశపు ఎడారిలో తవ్వి తెచ్చినవి. 2021లో వాటిలో ఎనిమిది వందలకు పైగా మొక్కల్ని తిరిగి చిలీకి పంపారు.

మరి ఈ మొక్క కావాలనుకునే వాళ్ళు ఏం చేయాలి? దానికి ఒక మంచి దారి ఉంది. గింజ వేసి పెంచుకోవడమే.

గాజు ఇంట్లో పెంపకం

ఇంగ్లండు లాంటి చలి దేశాల్లో చాలామంది పెరట్లో చిన్న గాజు ఇల్లు కట్టుకుంటారు. దాన్ని గ్రీన్‌హౌస్ అంటారు. గాజు లోంచి ఎండ లోపలికి వస్తుంది. వేడి లోపలే నిలుస్తుంది. మంచు, వాన మొక్క మీద పడవు.

గింజలు వేసేది వసంత కాలంలో. గరుకు ఇసుక, సన్న గులకరాళ్ళు, కొంచెం ఆకు ఎరువు కలుపుతారు. సలసల కాగే నీళ్ళు పోసి ఆ మట్టిని శుభ్రం చేస్తారు. లేకపోతే బూజు పట్టి మొలకలు చచ్చిపోతాయి. చల్లారాక గింజల్ని పైనే చల్లుతారు. మట్టి కప్పరు. ఈ గింజకు వెలుతురు కావాలి. కుండీని నీళ్ళ పళ్ళెంలో నిలబెడితే అడుగు నుంచి తడి పైకి ఎక్కుతుంది. తర్వాత కుండీకి ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి కడతారు. తడి ఆరిపోదు.

వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. అవి పచ్చ పూసల్లా ఉంటాయి. కొన్ని వారాలయ్యాక సంచిని కొద్దికొద్దిగా తెరిచి, గాలికి అలవాటు చేస్తారు. ఏడాది తిరిగేసరికి మొక్క శనగ గింజంత అవుతుంది. అంతే!

బీడు భూముల్లో కూడా అంతే. మొలక ఏదో పొద నీడలో తల దాచుకుని మెల్లగా పెరుగుతుంది. ఒక పెద్ద మొక్కను తవ్వితే ఎన్నో ఏళ్ళ పెరుగుదల పోయినట్టే.

ఎండు నిద్ర

చలికాలంలో ఈ మొక్కకు నీళ్ళు పోయరు. పోస్తే చలికి వేరు కుళ్ళుతుంది. మట్టి ఎండిపోయి ఉంటుంది. మొక్క నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఈ చల్లని, పొడి విశ్రాంతి ఉంటేనే తర్వాత మొగ్గలు బాగా వస్తాయి. ఎండలు వచ్చాక మళ్ళీ నీళ్ళు మొదలుపెడతారు. ఒకసారి బాగా పోసి, మట్టి ఆరేదాకా ఆగుతారు.

మొదటి పువ్వుకు అయిదారేళ్ళు కూడా పట్టవచ్చు. పొద్దున ఎండకు విచ్చుకుంటుంది. సాయంత్రం ముడుచుకుంటుంది. కొద్ది రోజులకే వాడిపోతుంది.

ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు. రెండు మొక్కలు ఒకేసారి పూయాలి. గాజు ఇంట్లోకి తేనెటీగలు సరిగా రావు. అందుకే మెత్తని కుంచెతో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అంటిస్తారు. గద్వాల, నంద్యాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ చేసిన ఆడవాళ్ళకు ఈ పని కొత్త కాదు.

కాయ కడితే అందులో పదుల కొద్దీ గింజలు ఉంటాయి. ఒక మొక్క పదుల మొక్కలు అవుతుంది. అవి పంచుకుంటే, అమ్ముకుంటే, బీడు భూముల్లో మొక్కను ఎవరూ తవ్వనక్కరలేదు.

మన దగ్గర అయితే?

మన దగ్గర చలి తక్కువ. గాజు ఇల్లు అక్కరలేదు. వానాకాలంలో తడవకుండా కుండీ పైన కప్పు ఉంటే చాలు. నడివేసవిలో కొంచెం నీడ కావాలి. కుండీ అడుగున నీళ్ళు పోయే చిల్లు తప్పకుండా ఉండాలి. ఏ కాక్టస్ అయినా కొనేటప్పుడు, గింజ నుంచి పెంచిందా, తవ్వి తెచ్చిందా అని అడిగి తెలుసుకోవాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. చుక్క జెముడు ఎందుకు తగ్గిపోయింది?
2. చలికాలంలో దానికి నీళ్ళు ఎందుకు పోయరు?
3. మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి, ఇప్పుడు కనిపించని మొక్క ఏది? దాని గింజ ఎవరి దగ్గరైనా ఉందా?