మునగడం తేలికే, మధ్యలో నిలబడటమే కష్టం

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లు ఎక్కువగా టార్పెడోల పక్కన ఫొటోలు దిగుతారు. ఘాజీ సినిమా చూసి వచ్చినవాళ్లయితే పెరిస్కోప్ దగ్గర్నుంచి కదలరు. మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒకమ్మాయి మాత్రం కంట్రోల్ రూమ్‌లో గోడల నిండా ఉన్న చక్రాలూ, వాల్వులూ, గేజీలూ చూసి, "మునగాలంటే నీళ్లు నింపుకుంటే చాలు కదా సార్, ఇన్నెందుకు?" అంది. నన్నడిగితే ఈ ఓడలో టార్పెడోల కంటే ఈ ప్రశ్నే గొప్పది.

మునగడం నిజంగానే తేలిక. కురుసురకు రెండు ఒళ్లు. లోపలి ఉక్కు గొట్టంలో మనుషులుంటారు. దానికీ బయటి తొడుగుకీ మధ్య బ్యాలస్ట్ ట్యాంకులుంటాయి. పైనున్న వాల్వులు తెరిస్తే గాలి బయటికి పోతుంది, కింది నుంచి సముద్రం లోపలికొస్తుంది. పైకి రావాలంటే ఆ వాల్వులు మూసి, సిలిండర్లలో కుక్కి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి వదిలితే అది నీళ్లను కిందికి నెట్టేస్తుంది. నీటి మీద సుమారు 1,950 టన్నులుండే ఓడ మునిగాక సుమారు 2,475 టన్నులవుతుంది. ఇంతవరకూ ఆర్కిమెడిస్‌కు తెలిసిన సంగతే.

చిక్కంతా మునిగిన తర్వాత మొదలవుతుంది. ఇంట్లో చేసి చూడండి. ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు పోసి, కాస్త బంకమట్టి అంటించిన పెన్ను మూతను అందులో బోర్లా వదలండి. మూతలో చిక్కుకున్న గాలితో అది నీటి అంచున తేలుతుండాలి. సీసా మూత బిగించి, సీసాను గట్టిగా నొక్కితే పెన్ను మూతలోని గాలి కుంచించుకుపోయి పెన్ను మూత మునుగుతుంది, వదిలితే లేస్తుంది. పిల్లలందరికీ ఇక్కడిదాకా సరదాగానే ఉంటుంది. ఇప్పుడు దాన్ని సరిగ్గా సీసా మధ్యలో ఆపమనండి. ఆగదు. వేలెడు కిందికి దిగిందా, అక్కడ నీటి ఒత్తిడి మరికాస్త ఎక్కువ. గాలి మరికాస్త నలుగుతుంది, అది పక్కకు నెట్టే నీరు తగ్గుతుంది, దాంతో ఇంకా కిందికి పోతుంది. పైకి జరిగితే ఇదే తిరగబడి మీదికి దూసుకొస్తుంది.

సబ్‌మెరైన్‌ది అచ్చం ఇదే కథ. వంద మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నీటి బరువే పది కిలోలు. ఉక్కు కూడా ఆ ఒత్తిడికి రవ్వంత ముడుచుకుంటుంది. లోతుకు పోయేకొద్దీ ఓడ తనంతట తనే బరువెక్కినట్టవుతుంది. అంటే లెక్కలు ఎంత బాగా కట్టినా, వదిలేస్తే అది నిలబడే యంత్రం కాదు. ఎవరో ఒకరు క్షణక్షణం నిలబెడుతూ ఉండాల్సిందే.

అందుకే పెద్ద బ్యాలస్ట్ ట్యాంకులు కాక ట్రిమ్ ట్యాంకులనే చిన్న ట్యాంకులు వేరే ఉంటాయి. పెద్దవాటిని పూర్తిగా నింపుతారు, లేదా పూర్తిగా ఖాళీ చేస్తారు. నిండుకుండ తొణకదన్న మాట ఇక్కడ అక్షరాలా భౌతికశాస్త్రం. సగం నిండిన పెద్ద ట్యాంకులో నీరు ఒక పక్కకు పారితే ఓడే ఒరిగిపోతుంది. సన్నటి సర్దుబాట్లన్నీ చిన్న ట్యాంకులవి. నలుగురు మనుషులు ముందు గదుల్లోంచి వెనక్కి నడిస్తే ముక్కు తేలికవుతుంది. దాదాపు రెండు టన్నుల టార్పెడోను వదిలితే మరీనూ. వెంటనే నీళ్లతో సరిచెయ్యాలి.

నాకు బాగా నచ్చిన విడ్డూరం డీజిలుది. ఇలాంటి సబ్‌మెరైన్లలో ఇంధనం ట్యాంకులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. డీజిలు ఖర్చయిన మేరకు కింది నుంచి సముద్రపు నీరు వచ్చి చేరుతుంది, నూనె పైన తేలుతూ ఉంటుంది. అయితే ఉప్పునీరు డీజిలు కంటే బరువు. టన్ను డీజిలు కాలిస్తే ఓడ దాదాపు 200 కిలోలు పెరుగుతుంది. తిన్నకొద్దీ కాదు, ఖర్చుపెట్టినకొద్దీ బరువెక్కే వాహనం!

పైగా సముద్రం అంతటా ఒక్కలా ఉండదు. వానాకాలంలో గోదావరి, గంగ మోసుకొచ్చే మంచినీటితో బంగాళాఖాతం పైపొర ఉప్పదనం తగ్గిపోతుంది. నీటి సాంద్రత వెయ్యిలో ఒక వంతు తగ్గినా కురుసుర దాదాపు రెండున్నర టన్నులు బరువెక్కినట్టే.

ఇంత చేసినా మిగిలిపోయే తేడాను ఓడకు అమర్చిన రెక్కలు సరిచేస్తాయి. ఈ రెక్కల మీదే అమెరికాలో ఇద్దరు మొండివాళ్లు పోటీపడ్డారు. జాన్ హాలండ్ ఐర్లండ్‌లో బడిపంతులుగా పనిచేసి వలస వచ్చినవాడు. ఓడను రవ్వంత తేలేలా ఉంచి, తోకరెక్కలతో ముక్కు వంచి, మోటారు బలంతో కిందికి తోయాలని ఆయన వాదన. సైమన్ లేక్ దీన్ని ఒప్పుకోలేదు. ముక్కు వంచితే అదుపు తప్పుతుంది, పక్కల రెక్కలు పెట్టి సమంగా దించాలన్నాడు. ఆయన సబ్‌మెరైన్ ఆర్గోనాట్‌కు ఏకంగా చక్రాలున్నాయి, సముద్రం అడుగున బండిలా నడిచేది! 1900లో అమెరికా నౌకాదళం హాలండ్ ఓడను 1,50,000 డాలర్లకు కొన్నది. లేక్ తన మరో సబ్‌మెరైన్ ప్రొటెక్టర్‌ను 1904లో రష్యాకు అమ్ముకున్నాడు. గెలిచింది హాలండేనని పుస్తకాలు చెబుతాయి. నా తీర్పు వేరు. కురుసురకు ముందూ రెక్కలున్నాయి, వెనకా ఉన్నాయి. ఒకటి వంచడానికీ, ఇంకోటి సమంగా ఉంచడానికీ. ఇద్దరి మాటా నెగ్గింది.

రెక్కలు పనిచెయ్యాలంటే ఓడ కదలాలి, కదలాలంటే బ్యాటరీ ఉండాలి. పైన ఇంజను, కింద మోటారు అన్న హాలండ్ పద్ధతే కురుసురదీ. మూడు డీజిలు ఇంజన్లు నీటిపైన బ్యాటరీలను ఛార్జి చేసేవి. నీటి కింద ఆ బ్యాటరీల మీదే రెండు నాట్ల నత్తనడకన సుమారు 380 మైళ్లు పోగలిగేది. తొందరపడితే అంత దూరం వచ్చేది కాదు.

మిగతా చరిత్ర క్లుప్తంగా: 1969 డిసెంబరులో రీగాలో కురుసుర భారత నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుని మరుసటి ఏడాది బీచ్‌లో మ్యూజియం అయింది. 2009లో విశాఖలోనే జలప్రవేశం చేసిన అరిహంత్ సబ్‌మెరైన్‌కు అణు రియాక్టరు ఉంది, బ్యాటరీ బెంగ లేదు. నీటి బరువు లెక్కలు మాత్రం దానికీ తప్పవు.

కురుసుర చూడబోతే కంట్రోల్ రూమ్‌లో కాసేపు ఎక్కువ నిలబడండి. అక్కడి గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. యుద్ధం సంగతులు వాళ్లెలాగూ చెబుతారు. ట్రిమ్ ట్యాంకుల సంగతి మీరే అడగండి. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.